ఎప్పుడనేది నేను చెప్త

రవ్వకు గోళ్ళు పెరిగి గచ్చు మీద టకటకలాడుతుంటే, కత్తిరించడానికి మొన్న లాలాపేట్‌లో ఉన్న కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రవ్వ మా ఇంటి ఆడకుక్క. ముసలిదైపోయింది. ఆటోలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెళ్ళాలి. మా ముందు ఒక అమ్మాయి నల్ల కుక్కపిల్లను చున్నీలో చుట్టుకుని కూర్చుంది.

"దీనికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి సార్?" అని డాక్టరును అడుగుతోంది. "మా అమ్మ ఒక్క కాన్పు కానివ్వమంటుంది. మా అన్న ఇప్పుడే చేయించెయ్యమంటాడు. నానమ్మ అసలు వద్దంటుంది."

డాక్టరు చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "ఎప్పుడనేది నేను చెప్తానమ్మా. చెయ్యాలా వద్దా అనేది మాత్రం నువ్వే చెప్పాలి."

నాకు నవ్వొచ్చింది. "ఈ మాట మీది కాదు కదండీ," అన్నాను.

"కాదమ్మా, మేడమ్‌ది." ఆయన తువ్వాలు పక్కన పెట్టాడు. "మీకు తెలీదా? పోయిన నెల మేడమ్ వెళ్ళిపోయారు. ఇక్కణ్ణుంచి వెళ్ళాక ఉంటున్నారు కదా, జనగామ వైపు తమ్ముడిగారి ఊళ్ళో, అక్కడే. పొద్దున చాయ్ తాగి, వాకిట్లో కుర్చీలో కూర్చుని, అట్లాగే."

నేను రవ్వ తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. బాధపడకుండా, మంచం పట్టకుండా ఆవిడను పంపించినందుకు ముందు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మిగిలిన దుఃఖం ఇంటికెళ్ళి పడవచ్చు.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "మీరు మీ కుక్కకి ఎప్పుడు చేయించారు ఆంటీ?"

ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు. డాక్టరు రవ్వ గోళ్ళు తీస్తున్నంతసేపూ ఆ అమ్మాయికి చెప్పాను. చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

డాక్టరు మేడమ్ అన్న ఆవిడ సర్కారు పశువుల ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అంతకు మించి ఆవిడ చరిత్ర నాకు తెలియదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తార్నాకలో అందరూ కుక్కల డాక్టరమ్మ అనేవాళ్ళు, నేను డాక్టరమ్మగారూ అనేదాన్ని. ముతక నేతచీర, కాళ్ళకు మగవాళ్ళ కాన్వాసు బూట్లు, భుజాన గుడ్డసంచి. పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడిచేవారు. నడక అనకూడదు. పది అడుగులు వేస్తే ఒక కుక్క వచ్చేది, కూర్చునేవారు. లేచి ఇంకో నాలుగడుగులు వేసేలోపు ఇంకోటి.

కుక్క పడుకుని ఉంటే ఆవిడ దగ్గరికి బూట్లతో వెళ్ళేవారు కాదు. అంత దూరాన విప్పేసి, ఉత్తకాళ్ళతో వెళ్ళి కూర్చునేవారు. ఎందుకండీ అంటే, "అది పండుకున్న జాగ దాని ఇల్లు," అనేవారు. థర్మామీటరును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చచేసిగానీ వాడేవారు కాదు. మనం ఏదైనా అడిగితే ముందు కుక్కకు జవాబు చెప్పి తర్వాత మనకు చెప్పేవారు. పొట్ట నొక్కి చూసేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. జ్వరం చూశాక థర్మామీటరు పక్కనున్న వాళ్ళ చేతికిచ్చి, "ఎంతున్నదో చదువు," అనేవారు. అక్కడ ఉన్నది పాలబ్బాయైనా సరే, ప్రొఫెసరైనా సరే.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. చిన్నప్పుడు ఒక పాడు జ్వరం వచ్చి ఏళ్ళ తరబడి మంచం వదలకపోతే, తెనాలిలో మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం ఇక్కడి పరిశోధనాలయంలో కావడంతో తార్నాక వచ్చాం. క్యాంపస్ గోడకు దగ్గరలో కింది వాటా, చిన్న గేటు, తులసికుండీ. తెలంగాణ ఉద్యమం రగిలిన ఏడు తొలకరి వానల్లో మా గేటు దగ్గర వణుకుతూ దొరికింది రవ్వ. వేయించిన బొంబాయి రవ్వ రంగులో ఉందని ఆ పేరు పెట్టుకున్నాను.

అది కాస్త ఎదిగాక క్యాంపస్‌లో నడిపిస్తుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది.

"ఓ చెల్లె, జర ఆగు. ఆ బిడ్డ నోరు చూడాలె."

ఆవిడ రోడ్డు అంచున కూలబడి, బొటనవేలితో రవ్వ పెదవి పైకెత్తి, పళ్ళ మీద వేలు పెట్టి తడిమారు.

"కోరపండ్లు మంచిగొచ్చినయి. ఇగ నెలనో నెలన్నరనో, ఎదకొస్తది. ఆపరేషన్ ఎప్పుడనుకుంటున్నవ్?"

"ఆపరేషనా? ఒక్క కాన్పయినా చూడకుండా గర్భసంచి తీయించెయ్యడం పాపం కాదాండీ?"

ఆవిడ రవ్వతో అన్నారు. "ఇంటున్నవా బిడ్డా, మీ అమ్మ నీకు పాపం పుణ్యం అంటగడ్తున్నది." తర్వాత నా వైపు తిరిగారు. "పాపం సంగతి నాకు తెల్వది. నువ్వు దేవునికి దీపం వెట్టేదాని లెక్కనే ఉన్నవ్, నీకే తెలుస్తది. నాకు తెల్సింది చెప్త. మొదటి ఎద రాకముందే చేపిస్తే ముసలిదైనంక పాలగడ్డలు దాదాపు రావు. గర్భసంచి చీము వట్టుడు ఉండది. ఎద నడుస్తుండంగ చెయ్యొద్దు, నెత్తురు ఎక్కువ పోతది. పాలున్నప్పుడు చెయ్యొద్దు. గిదంతా ఎప్పుడు అనే లెక్క. ఎప్పుడనేది నేను చెప్త. చెయ్యాల్నా ఒద్దా అనేది నువ్వు చెప్పాలె. గీ రెండు కలిపితెనే లొల్లి."

"మరి ఒక్క కాన్పు..."

"కానియ్యి. ఆరుగురో ఏడుగురో పుడ్తరు. పేర్లు సోంచాయించినవా?" చీర దులుపుకుని లేచారు. "పేర్లు సులువే. ఇండ్లు సోంచాయించు."

ఆ సాయంత్రం దీపం పెట్టి కూర్చుని ఇళ్ళ గురించే ఆలోచించాను. మా వీధిలో ఒక్క గుమ్మం కూడా కనబడలేదు. దీపం ముందు కూర్చుంటే నా ఆలోచన అటూ ఇటూ పోదు, అది నాకు దేవుడిచ్చిన వరం. మర్నాడు వెళ్ళి చెప్పాను. "చేయిస్తానండీ. కానీ కార్తీకమాసం వెళ్ళాక. ఈ నెలంతా నేను దీపాలు పెట్టుకుంటాను. నా చేతుల మీదుగా కత్తి పడనివ్వను."

చదువుకున్నవాళ్ళు వెక్కిరిస్తారని తెలిసే చెప్పాను. ఆవిడ వెక్కిరించలేదు. రవ్వ చెవి వాసన చూస్తూ దానితో అన్నారు. "బిడ్డా, మీ అమ్మకు కార్తీకమున్నదట. నీకు గూడ ఉన్నదా?" తర్వాత నాతో, "నువ్వు చెప్పిన దినం దాక నేను ఆగుత. అది ఆగుతదో లేదో దాని మర్జీ," అన్నారు.

కార్తీకం దాటింది. ఆవిడ శిష్యుడొకాయన, ఇప్పుడు రవ్వ గోళ్ళు తీస్తున్న ఈ డాక్టరే, అప్పుడు కొత్తగా ప్రాక్టీసు పెట్టాడు. ఆయన చేత చేయిద్దామని రోజు కూడా అనుకున్నాం. సరిగ్గా అప్పుడే తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌లో భగ్గుమంది. అనుకున్న రోజు పొద్దున తార్నాక చౌరస్తాలో ఒక్క బస్సు లేదు, ఒక్క ఆటో లేదు. దుకాణాల షట్టర్లన్నీ దించేశారు. వరండాలో ఎర్రగచ్చు మీద రవ్వ పడుకున్న చోట నాలుగు చుక్కల నెత్తురు.

డాక్టరమ్మగారు సందుల్లోంచి నడుచుకుంటూ వచ్చి చూశారు. "ఎదకొచ్చింది. ఇగ ఇప్పుడొద్దు. మూడు వారాలు తలుపు పెట్టి ఉంచు, మగకుక్క నీడ గూడ పడొద్దు. ఆమీద రెణ్ణెల్లకు చూద్దాం." అంతే. నేను చెప్పలేదా అనే మాట ఆవిడ నోట్లో లేదు. ఆ కొరత మావారు తీర్చారు.

"నీ కార్తీకం బంద్ దాకా తీసుకొచ్చింది," అన్నారు.

నేను ఆ నెల గురించి ఇప్పటికీ చింతపడను. ఆ నెల ఆగకపోతే రవ్వ ఆపరేషన్ ఒక్క పూటలో అయిపోయేది. డాక్టరమ్మగారు నాకు నడకలో ఎదురయ్యే మనిషిగానే మిగిలిపోయేవారు.

హాస్టళ్ళు ఖాళీ చేయించారు, మెస్సులు మూతపడ్డాయి. మెస్సుల వెనక పారేసే అన్నం మీద బతికే కుక్కలు ఎండిపోవడం మొదలైంది. ఆవిడ వచ్చి మా గుమ్మంలో నిలబడి, "పెద్ద గిన్నె ఉన్నదా?" అని అడిగారు. వ్రతాలప్పుడు ప్రసాదం వండే గిన్నె ఉంది. అందులో పసుపు వేసి మెత్తగా అన్నం వండాను. ఇద్దరం చెరో చెవీ పట్టుకుని బయల్దేరాం. క్యాంపస్ గేటు దగ్గర ముళ్ళకంచె పక్కన పోలీసాయన ఆపాడు.

"ఎవరికమ్మా అన్నం? లోపల స్టూడెంట్లకా?"

"కుక్కలకు," అన్నారు ఆవిడ.

"ఏ కుక్కలకు?"

"నీ లెక్కనే, పండుగ లేదు పబ్బం లేదు, డ్యూటీ చేసేటియి. జరుగు నాయనా, చల్లారుతది."

ఆయన నవ్వాపుకుంటూ జరిగాడు. లోపల ఒక కుర్రాడు మా వెంట నడుస్తూ నా మాట విని, "ఆంటీ, మీది ఆంధ్రానా?" అన్నాడు. కోపంగా కాదు, తేల్చుకోవడానికి. నేను నోరు తెరిచేలోపే ఆవిడ గిన్నె చెవి వాడి చేతిలో పెట్టారు. "వట్టు. అన్నం ఏ జిల్లాదో కుక్కలనడుగు. తిన్నంక చెప్తయి."

వాడు గిన్నె మోశాడు. ఆ తర్వాత చాలాసార్లు మోశాడు.

రవ్వ ఎదలో ఉన్న రెండో వారంలో ఒక మధ్యాహ్నం, క్యాంపస్ వైపు నుంచి ఢాం ఢాం అని చప్పుళ్ళు. బాష్పవాయువు మా వీధిలోకి పొగమంచులా పాకింది. పిల్లలు పరుగెత్తుకొస్తున్నారు, కళ్ళు మూసుకుపోయి గోడలు తడుముకుంటూ. నేను గేటు తీశాను. వరండా నిండా పిల్లలే. కుండలో నీళ్ళు ముంచి ఇస్తూ, తువ్వాళ్ళు తడిపి అందిస్తూ ఉన్నాను. అంతా సద్దుమణిగి వాళ్ళు దణ్ణాలు పెట్టి వెళ్ళాక చూస్తే రవ్వ లేదు.

దీపాల వేళకు డాక్టరమ్మగారు తీసుకొచ్చారు. చౌరస్తా దగ్గర నిరాహారదీక్ష డేరాలో ఆవిడ రోజూ కూర్చునేవారు. మెడలో వేసుకునే గులాబీ కండువానే రవ్వ మెడకు కట్టి నడిపించుకొచ్చారు.

"డేరా వెనుక దొరికింది. ఒక్కతే లేదు, వేరేది గూడ ఉన్నది."

"ఏమైనా అయిందాండీ?"

"నేను వొయ్యే వరకు దూరం దూరం నిలబడ్డయి. అయిందో కాలేదో నాకు కనవడలే." రవ్వ నడుం నిమిరారు. "నెలకు చెయ్యి వెట్టి చూస్త. కడుపుంటే తీయిస్తవా, కననిస్తవా? నువ్వు చెప్పాలె."

నేను ఎక్కువసేపు తీసుకోలేదు. "ఉంటే కననిస్తానండీ. గేటు తీసింది నేను. ఆ గేట్లోంచి ఎవరొచ్చినా పొమ్మనను. ఇళ్ళు నేను వెతుకుతాను."

"నేనైతే తీయిస్త."

"మీరు ఎప్పుడనేది చెప్తే చాలన్నారుగా."

ఆవిడ గట్టిగా నవ్వగా వినడం అదే మొదటిసారి. "జవాబులు నేర్సినవ్," అన్నారు.

నెల తిరిగాక వచ్చి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో రవ్వ పొట్ట మెల్లగా తడిమారు. "ఖాళీ. ఏం లెవ్వు," అన్నారు. సరే అనుకున్నాం. మాఘమాసం వచ్చింది. రవ్వ ఉన్నట్టుండి అన్నం మానేసింది. చనుకట్టు ఉబ్బింది. మంచం కింద గోనెసంచి చీల్చి పరుచుకుంది. మావారి ఉన్ని టోపీ ఎత్తుకుపోయి పొట్ట దగ్గర పెట్టుకుని నాకడం, ఎవరైనా వంగితే గుర్రుమనడం. చన్ను ముట్టుకుంటే పాల చుక్క.

మావారు నన్ను పక్కకు పిలిచారు. "ఖాళీ అని చెప్పిందెవరు? ఆవిడ చెయ్యి. కళ్ళే సరిగ్గా ఆనని ఆవిడ చెయ్యి. మొన్న మనింట్లో చాయ్ సాసరులో పోసుకోబోయి చాప మీద పోశారు. థర్మామీటరు మీ అందరిచేతా ఎందుకు చదివిస్తారనుకున్నావు? పద, ఎక్కడైనా స్కానింగ్ చేయిద్దాం."

థర్మామీటరు నా చేతికిచ్చిన ప్రతిసారీ, నా ఇంటి చదువును నమ్మి అప్పజెప్పిన పని అనుకుని సంబరపడ్డాను. ఆవిడకు కనిపించదన్న ఊహే రాలేదు.

కబురు పంపితే ఆవిడ వచ్చారు. గుమ్మంలోనే బూట్లు విప్పి, మంచానికి అంత దూరాన నేల మీద కూర్చున్నారు. రవ్వ టోపీ మీద తల పెట్టి ఆవిడనే చూస్తోంది.

"ఉత్త చూలు," అన్నారు. "కడుపుల ఏం లేకున్నా ఎద అయిన రెణ్ణెల్లకు కొన్నిటికి ఇట్లనే పాలొస్తయి. పరేషాన్ గాకు."

"చూశారా, దానికి తల్లి కావాలని ఎంతుందో."

"దాని ఒంటికున్నది చెల్లె. దానికున్నదో లేదో మనకెట్ల తెలుస్తది? టోపీ తీసి దాచిపెట్టు. పాలు పిండకు, పిండితే ఇంకా వస్తయి. ఇంకిపోయినంక ఆపరేషన్ చేద్దాం."

మావారు స్కానింగ్ మాట మళ్ళీ ఎత్తారు. నేను వద్దన్నాను. "పిల్లలుంటే నాలుగు రోజుల్లో అవే వస్తాయి, లేకపోతే రావు," అన్నాను. మెత్తటి పాతచీరలు మడతపెట్టి మంచం కింద ఉంచాను. డాక్టరమ్మగారి మాటా నమ్మాను. రెండూ చేశాను. అందులో నాకేమీ తేడా కనిపించలేదు. దేవుడి దగ్గర కూడా నేను అలాగే ఉంటాను.

పిల్లలు రాలేదు. శివరాత్రికల్లా పాలింకిపోయాయి, రవ్వ ఉన్ని టోపీని మర్చిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చెప్పిందే నిజమైంది.

"ఇగ చేపిద్దాం," అన్నారు మా వరండాలో చాయ్ తాగుతూ. మా ఇంట్లో ఆవిడ ఎప్పుడూ చాయే. నేను పొద్దునా సాయంత్రం డికాషన్ దించుకుని తాగే కాఫీని వాసన కూడా చూసేవారు కాదు. "ఒక ఎదకు ఇంకో ఎదకు నడుమ ఇదే మంచి టైమ్. మళ్ళ జారనియ్యొద్దు."

"ముందు మీ కళ్ళండీ," అన్నాను.

సాసరు పట్టుకున్న చెయ్యి ఆగింది. "శుక్లాలు. గదేం పెద్ద బీమారి? తెలంగాణ వచ్చినంక తీపిచ్చుకుంట."

"ఎప్పుడొస్తుంది తెలంగాణ?"

"నన్నడుగుతవేంది? ఢిల్లీనడుగు." ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. దీక్ష డేరాలో కుర్రాళ్ళు మొక్కుకున్నారట, తెలంగాణ వచ్చేదాకా గడ్డం తీయనని ఒకడు, కాళ్ళకు చెప్పులు వేసుకోనని ఒకడు. "అందరు తలా ఒకటి ఇడుస్తున్నరు. నాకేమున్నది ఇడువనీకె? గడ్డమా? కండ్ల ఆపరేషన్ ఇడిసిన. వచ్చేదాక చేపిచ్చుకోనని మొక్కిన."

పంచాంగం చూడని మనిషి, దీపం పెట్టని మనిషి. ఆవిడకూ ఒక మొక్కుంది. వేరే ఎవరైనా అయితే ఇదేం పిచ్చి అని కొట్టిపారేసేవాళ్ళు. నా కార్తీకాన్ని ఆవిడ కొట్టిపారెయ్యలేదు. నేనూ ఆవిడ మొక్కును కొట్టిపారెయ్యలేను.

"మొక్కు వదిలెయ్యమనను," అన్నాను. "మా ఇళ్ళల్లో ఒకళ్ళ మొక్కు ఒకళ్ళు మోస్తారు. పిల్లవాడు మొక్కుకుంటే తల్లి తీరుస్తుంది, ముసలివాళ్ళు నడవలేకపోతే కోడలు కొండెక్కుతుంది. మీ మొక్కు నాకిచ్చెయ్యండి. తెలంగాణ వచ్చేదాకా నేనొకటి వదిలేస్తాను. మీరు కళ్ళు చేయించుకోండి."

"నువ్వా? ఆంధ్రదానివి, తెలంగాణ కోసం మొక్కుతవా?"

"మొక్కు మీదేనండీ. మోసేదే నేను."

"ఏమిడుస్తవ్?"

వంటింట్లో ఫిల్టరులో డికాషన్ దిగుతోంది. ఆ వాసన వరండా దాకా వస్తోంది.

"కాఫీ."

ఆవిడ రవ్వ వైపు తిరిగారు. "బిడ్డా, మీ అమ్మకు దిమాక్ ఖరాబైంది."

"ఇంకోటి కూడా వినండి. రవ్వకు కోసేటప్పుడు మీరు పక్కన నిలబడాలి. నిలబడితే మీకు కుట్టు కనబడాలి. అప్పటిదాకా దాన్ని పంపను."

"మళ్ళ ఎదకొస్తది, చెప్తున్న."

"వచ్చేలోపే మీరు చేయించుకోండి. చేయించుకోవాలా వద్దా అనేది మీరు చెప్పండి. ఎప్పుడనేది ఈసారి నేను చెప్తాను."

ఆవిడ చాయ్ ముగించి, బూట్లు వేసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు నడకకు రాలేదు. ఎక్కువ మాట్లాడానేమో అనుకున్నాను గానీ, వెనక్కి తీసుకోవాలని మాత్రం అనుకోలేదు. కాఫీ ఆ పొద్దునే మానేశాను, ఫిల్టరు కడిగి పై అరలో పెట్టేశాను. ఆ మర్నాడు గేటు చప్పుడైంది. ఆవిడ లోపలికి రాలేదు, బయట నుంచే అడిగారు.

"ఎప్పుడో చెప్పు."

"ఈ శుక్రవారం," అన్నాను.

మావారు పగలబడి నవ్వారు. "ఈ సంగతి ఆఫీసులో చెప్తే సగం మంది నీకు దండేస్తారు, సగం మంది నాతో మాట్లాడటం మానేస్తారు. ఇంతకీ నువ్వు ఉద్యమంలో చేరినట్టా, చేరనట్టా?" తెనాలి నుంచి మా అన్నయ్య ఫోను చేసి కోప్పడ్డాడు. "రాష్ట్రం విడిపోవాలని కాఫీ మానేశావుటే?"

"డాక్టరమ్మగారి కళ్ళ కోసం మానేశాను అన్నయ్యా. రాష్ట్రం సంగతి మీరూ వాళ్ళూ చూసుకోండి," అన్నాను.

ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ నా ముఖం తేరిపార చూసి, "నువ్వు ఇంత పెద్దదానివా? చిన్నపిల్లవనుకుని నువ్వు నువ్వంటున్న ఇన్నొద్దులు," అన్నారు.

ఉగాది దాటాక రవ్వకు చేయించాం. కొత్త ప్రాక్టీసు డాక్టరు చేతులకు తొడుగులు వేసుకుని నిలబడితే, ఆవిడ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆయన పక్కన నిలబడ్డారు. నేను తలుపు బయట దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను. లోపలి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"కుట్టు వంకరవోతున్నది నాయనా."

"ఇన్నాళ్ళూ ఇట్లాగే కుడుతున్నాను కదా మేడమ్. మీరెప్పుడూ అనలేదు."

"ఇన్నొద్దులు నాకు కనవడలే గద."

తలుపు బయట నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. రవ్వ పొట్ట మీద ఆ గీత ఇప్పటికీ కొద్దిగా వంకరే. ఆపరేషనయ్యాక కుట్లు నాక్కోకుండా మావారి పాత బనీను కత్తిరించి దానికి చొక్కా కుట్టాను. ఆవిడ అద్దాలు పైకెత్తి నా కుట్టును పరీక్షగా చూసి డాక్టరుతో అన్నారు, "గిట్ల కుట్టాలె."

చూపొచ్చాక థర్మామీటరు ఇక నా చేతికి రాదనుకున్నాను. వచ్చింది. "మీకు కనబడుతుందిగా," అంటే, "కండ్లొచ్చినయి గని అలవాటు పోలే. నువ్వే చదువు," అన్నారు. ఆవిడకు అవసరం లేకుండా ఇచ్చిన ఆ పని కోసం నేను దేవుడికి రుణపడి ఉన్నాను.

కాఫీ లేకుండా ఏళ్ళు గడిచాయి. ఆ మధ్యలో ఆవిడ రెండో కన్ను కూడా చేయించుకున్నారు. మొదట్లో తలనొప్పి, తర్వాత అలవాటు. ఇరుగుపొరుగు ఇళ్ళల్లో కప్పు చేతికందిస్తే మొక్కుందనేదాన్ని. ఏ దేవుడికని అడిగితే నవ్వేదాన్ని.

తెలంగాణ వచ్చింది. తార్నాకంతా డప్పులు, రంగులు, టపాకాయలు. రవ్వ చప్పుళ్ళకు భయపడి మంచం కింద దూరింది. గేటు చప్పుడైంది. డాక్టరమ్మగారు నెత్తిన గులాలుతో లోపలికి వచ్చారు. చేతిలో కాఫీపొడి పొట్లం. అన్నేళ్ళలో ఆవిడ మా వంటింట్లోకి రావడం అదే మొదలు. కుక్క పడుకున్న చోటుకు వెళ్ళేటప్పుడు విప్పినట్టే, వంటింటి గడప బయట బూట్లు విప్పారు.

"జరుగు. నేను చేస్త."

"మీకు చాతకాదండీ, ఫిల్టరు..."

"జరుగు చెల్లె."

పాలల్లో పొడి వేసి, చాయ్ మరిగించినట్టు మరిగించి, చీర కొంగుతో గిన్నె దించి రెండు గ్లాసుల్లో పోశారు. ఒకటి నాకిచ్చారు. రెండోది ఆవిడే తీసుకున్నారు. అన్నేళ్ళూ వాసన చూడని మనిషి. నేను దేవుడి గది వైపు తిరిగి ఒక దణ్ణం పెట్టుకుని గుటక వేశాను. ఆవిడ నా ముఖం వైపే చూస్తున్నారు, రెండు కళ్ళతోనూ.

"ఎట్లున్నది?"

"బాగోలేదండీ," అన్నాను.

"ఎన్నేండ్ల సంది తాగలే, రుచి నీకేం తెలుస్తది?" అని తన గ్లాసులోది మొత్తం తాగేశారు. ముఖం చిట్లించకుండా తాగడానికి ఆవిడ ఎంత కష్టపడ్డారో నాకు కనిపించింది. నేనూ చుక్క వదల్లేదు.

ఇదంతా చెప్పేసరికి రవ్వ గోళ్ళు అయిపోయాయి. ఆ అమ్మాయి కుక్కపిల్లను సర్దుకుని, "చేయిద్దామనే అనుకుంటున్నా ఆంటీ. మా వాళ్ళతో నేను మాట్లాడతా," అంది. "ఎప్పుడు మరి?"

నేను చెప్పులు విప్పి ఆ అమ్మాయి పక్కన నేల మీద కూర్చున్నాను. బొటనవేలితో నల్లపిల్ల పెదవి పైకెత్తాను. కోరపళ్ళు ఇంకా మొలకలే.

"టైముంది," అన్నాను. "ఎప్పుడనేది డాక్టరుగారు చెప్తారు."

డాక్టరు ఎదురుగా వచ్చి కూర్చుని, ముందు ఒళ్ళెలా ఉందో చూద్దామంటూ థర్మామీటరు తీశాడు. కుక్కపిల్ల దాన్ని చూసి అమ్మాయి ఒళ్ళోకి ముడుచుకుపోయింది.

"ఒక్క నిమిషం ఇటివ్వండి," అన్నాను.

తీసుకుని రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నాను, వెచ్చబడేదాకా.